తల్లిగారింటి చీర

ఈ మాటను ఇరవై ఏళ్లకు పైగా లోపలే పెట్టుకొని తిరిగాను. మోయలేక దించుతున్నానని అనుకోకండి. మోయడం అలవాటైపోయింది. అలవాటైందని తెలిసిన రోజే భయం వేసింది.

మీరెవరో నాకు తెలియదు. నా పేరూ మీకు చెప్పడం లేదు. అది పిరికితనమేనని ముందే ఒప్పుకుంటున్నాను.

మాది నెల్లికుదురు దగ్గర పల్లె. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది అవ్వ, మా బాపును కన్నతల్లి. ఆమె గురించి మావాళ్లంతా ఒకే మాట అంటారు, ఇంటి కోసమే బతికిందని. నిజమే. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినేది. ఎవరికి జ్వరం వచ్చినా ముందు లేచేది ఆమే. కానీ ఆ పొగడ్త విన్నప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఇంకోదాని కోసం బతకడానికి ఆమెను మేమెప్పుడైనా వదిలామా?

ఆమె బతుకులో మాది కానిది ఒక్కటే ఉండేది. భూపాలపల్లిలో తమ్ముడు, సాంబయ్య తాత. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైనవాడు. ఏటా బతుకమ్మ పండుగకు తల్లిగారిల్లని ఆ తమ్ముడింటికే పోయేది. బయలుదేరే ముందు రోజు నుంచే ఆమె నడక మారేది. తిరిగొచ్చాక కొన్నాళ్లు తమ్ముడి ముచ్చట్లే. "ముసలోడైండు గని, ఇంక పప్పుల మిరపకాయలు ఏరి పక్కకు పెడ్తనే ఉండు" అని ఒక్కతే నవ్వుకునేది.

నాకు బిడ్డ పుట్టేనాటికి నేను మానుకోటలో ఉద్యోగం చేస్తూ అద్దె ఇంట్లో ఉన్నాను. పాప నెలలు నిండకముందే పుట్టింది. నా భార్యకు ఆపరేషన్ అయింది, వాళ్లమ్మ మంచాన ఉంది. అవ్వ బట్టలు మూట కట్టుకొని వచ్చేసింది. పొద్దున్నే పీట మీద కూర్చొని, కాళ్లు చాపి, పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకొని నీళ్లు పోసేది. వేడి మోచేత్తో చూసేది. పాప ముక్కు సవరిస్తూ పంచాయితీ పెట్టేది: "మీ నాయిన ముక్కే తెచ్చుకున్నవు గదే! ఎన్ని నీళ్లు పోస్తే లేస్తది గిది?" సాంబ్రాణి పొగ వేసి, గుడ్డలో చుట్టి తల్లి పక్కన పెడితే పాప హాయిగా నిద్రపోయేది. ఆమె ఉంది గనుక మేమూ నిద్రపోయేవాళ్లం.

ఆ రోజుల్లో ఇంట్లో సెల్‌ఫోన్ నా ఒక్కడి దగ్గరే ఉండేది. ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా మోగింది. సాంబయ్య తాత ఒక్కగానొక్క కూతురు సుగుణ, నాకు చిన్నమ్మ వరస. రోడ్డు మీది టెలిఫోన్ డబ్బా నుంచి చేస్తోంది. తాతకు దమ్ము ఎక్కువై ఊపిరాడడం లేదట. దవాఖానలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారట. "అక్క, అక్క అని ఒక్కటే కలవరిస్తుండు బిడ్డా. జర అవ్వను తోల్కరా. ఒక్కసారి చూసిపోతది" అంది. "రేపే తోల్కొస్త చిన్నమ్మా" అన్నాను.

ఇంటికొచ్చేసరికి అవ్వ పాప గుడ్డలు మడతపెడుతోంది. చెప్పలేదు. తెల్లారి చెబుదామనుకున్నాను. తెల్లారి ఆమె నీళ్లు కాగబెడుతుంటే చూస్తూ నిలబడ్డాను. అప్పుడూ చెప్పలేదు.

ఎందుకు? పాప కోసమని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ మాట అనలేను. అప్పటికే పాప తేరుకుందని, భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. అవ్వ భూపాలపల్లి పోతే తమ్ముడి దగ్గరే ఉండిపోతుంది, అన్నీ అయ్యేదాకా రాదు, అన్నాళ్లూ రాత్రిళ్లు లేవాల్సింది నేను, వంట చూసుకోవాల్సింది నేను, ఆఫీసులో సెలవు అడగాల్సింది నేను. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు వెతికాను. లేదు. పోన్లే, ముసలాయన ఇంకొన్నాళ్లు ఉంటాడులే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అనుకూలంగా ఉంది.

ఆ వారం దాటలేదు. చావుకబురు వచ్చింది. దాన్ని దాచలేను కదా. అవ్వను జీపులో తీసుకుపోయాను.

తమ్ముడి ముఖం రెండు చేతులతో పట్టుకొని ఏడ్చింది. తర్వాత తలెత్తి సుగుణ చిన్నమ్మను అడిగింది.

"గింత పానం మీదికొస్తే నాకు కబురు పెట్టకపోతివి ఎందే? నేను ఏమైన పరాయిదాన్ననా?"

"అయ్యో, ఫోన్ చేసిన అత్తా! నీ మనవడే ఎత్తిండు. తోల్కొస్తనన్నడు. నువ్వొస్తున్నవని నాయినకు చెప్పిన. దర్వాజ దిక్కే చూసుకుంట పోయిండు."

అవ్వ నా వైపు తిరిగింది. అనుమానంతో కాదు. అడిగితే తేలిపోతుందన్న ధీమాతో.

"ఫోన్ వచ్చిందా బిడ్డా?"

చుట్టూ అందరూ ఉన్నారు. బాపు ఉన్నాడు.

"రాలేదవ్వా" అన్నాను.

"గిట్ల అబద్ధమాడుతవా బిడ్డా!" అంది చిన్నమ్మ. కోపం కూడా కాదు, నమ్మలేక. అవ్వ లేచి నిలబడింది. "నా చేతుల పెరిగిన పిలగాడు. వాడు అబద్ధమాడడు. తప్పు జేసి వాని మీదికి తోస్తున్నవా? ఇయ్యాల్టి సంది నాకు తల్లిగారిల్లు లేదు" అంది.

అన్నట్టే మళ్లీ ఆ గడప తొక్కలేదు. తర్వాత ప్రతి బతుకమ్మకూ మా ఇంట్లోనే ఉంది. మా పిల్లలకు పూలు పేర్చి ఇచ్చేది. నేను చూస్తూ ఉండేవాణ్ని. చెప్పడానికి ఎన్ని పండుగలు వచ్చాయి! ఒక్కసారి నోరు తెరవబోయాను కూడా. "ఏంది బిడ్డా, ఆకలైతుందా?" అంది. అవునన్నాను.

అవ్వ పోయిన రోజు సుగుణ చిన్నమ్మ వచ్చింది. మా దగ్గర ఆడమనిషి చనిపోతే మొదట కప్పేది తల్లిగారింటి చీర. ఆ చీర పట్టుకొనే వచ్చింది. బాపు గేటు దగ్గరే ఆపాడు. తనకు తల్లిగారిల్లు లేదని అవ్వే చెప్పింది, తిరిగి పొమ్మన్నాడు. చిన్నమ్మ నన్ను చూసింది. "నువ్వన్న చెప్పు బిడ్డా" అంది మెల్లగా. అవ్వకు ఇక వినబడదు. బాపు ఒక్కడికి చెబితే చాలు, చీర లోపలికి వచ్చేది. నేను తల వంచుకున్నాను. ఆమె చీరను కొంగు కింద పెట్టుకొని ఆటో ఎక్కింది. అవ్వ మా ఇంటి చీరతోనే పోయింది.

మొదటి తప్పు బద్ధకంతో చేశాను. రెండోది సిగ్గుతో. ఇది? ఇది తెలిసి చేశాను.

ఇప్పుడు బాపూ లేడు. మొన్న అన్నం తింటూ భూపాలపల్లి మాట వస్తే నా కూతురు, ఆనాటి ఆ పాపే, మామూలుగా అనేసింది: "సొంత అక్కకు కూడా కబురు పెట్టనోళ్లే గద నాయినా వాళ్లు?" నా అబద్ధం మా ఇంటి చరిత్రయింది. ఎవరి పేరు చెప్పి ఆ కబురు దాచడాన్ని సమర్థించుకున్నానో ఆ బిడ్డ నోటి నుంచే విన్నాను.

నిన్న దానికి అంతా చెప్పాను. చివరిదాకా వింది. తర్వాత ఒక్కటే అడిగింది: "సుగుణ నాయినమ్మకు చెప్పినవా?"

లేదు. ఆమె భూపాలపల్లిలోనే ఉంది. పోవాలి. చీర ఉంచిందో లేదో అడిగే హక్కు నాకు లేదు. క్షమించమనీ అడగను. ఆమె కాదంటే బాధపడే హక్కు కూడా లేదు.

దానికంటే ముందు ఒక సమాధానం దిద్దాలి. అడిగిన మనిషి వినదు. అయినా ఆమె అడిగింది గనుక ఆమెకే చెబుతున్నాను.

వచ్చిందవ్వా. ఫోన్ వచ్చింది. సుగుణ చిన్నమ్మే చేసింది. ఎత్తింది నేనే.