ఉడుము దాటేదాకా

సింగపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగాలకు మంచి గిరాకీ ఉన్న రోజులే. అయినా అక్కడ ఉండి పనిచేయడానికి కావలసిన నా వర్క్ పాస్ రెన్యువల్ ఆ వారం ఎటూ తేలలేదు. ఇంట్లో ఉండలేక, పాత రైలు పట్టాలు తీసేసి బాట వేసిన కొండదారిలో తిరగడానికి, వెనక్కి వాలి తొక్కే మూడు చక్రాల సైకిల్ అద్దెకు తీసుకున్నాను.

ఇనుప వంతెన దగ్గర దారికడ్డంగా నా అంత ఉడుము. ముందుకు చాపిన నా పాదాల ఎదుటే దాని నాలుక ఆడుతోంది. చటుక్కున లేవడానికీ లేదు. బెల్ కొట్టబోతే, నడుస్తూ వచ్చిన చైనీస్ ఆంటీ నా చెయ్యి పట్టుకుంది.

"బెల్ వద్దు లా! వెయిట్," అంది, మాట చివర 'లా' తగిలించే సింగపూర్ యాసలో.

"కరిస్తే, ఆంటీ?" మా పల్నాడులో అయితే ఈపాటికి రాళ్లు పడేవి.

"దానిది ఈ ఊరే. నీదెక్కడ?"

"ఇండియా."

"మరైతే నువ్వే ఆగాలి."

కాళ్లు దగ్గరికి లాక్కుని ఆగాను. ఆ వారమంతా నేను చేస్తున్నదీ అదే.