లాండ్‌మాస్టరు బుగ్గమీద చుక్క

వేలాయుధానికి మనుషుల వేళ్లంటే ఒళ్లుమంట. తిరుత్తణి బజారులో కారు ఆపిన పాపాన ఎవడో ఒకడు వచ్చి బానెట్ మీద చెయ్యి ఆనిస్తాడు. ఇంకొకడు తలుపు మీద వేళ్లతో తాళం వేస్తూ ఊసులాడతాడు. పిల్లకాయలైతే ధూళి పట్టిన డిక్కీ కనిపిస్తే చాలు, వేలితో నెమలి బొమ్మ గీసి పారిపోతారు. ధూళిలో ఇసుక ఉంటుందనీ, వేలితో రాస్తే ఆ ఇసుక రంగును కోసేస్తుందనీ చెప్పీ చెప్పీ అతని నోరు నొప్పిపుట్టిందే గాని, ఊరికి బుద్ధి రాలేదు.

కారు అతనిది కాదు. బట్టల వ్యాపారి ద్వారకనాథ్ గారిది. మీగడ రంగు లాండ్‌మాస్టరు. ఆయన వీధిలోకి కారు పట్టక, వేలాయుధం ఇంటి పక్కనే పాక వేయించి అందులో పెట్టించారు. ఆయన మాట ఒక్కటే: "గీత పడిందా, స్టీరింగు దిగు." అది మాటవరసకు అన్నది కాదు. ఇంతకుముందున్న డ్రైవరు గోపాలన్ తలుపు మీద ఒక గీత పడనిచ్చాడు. ఇప్పుడు జట్కా తోలుకుంటున్నాడు.

వేలాయుధానికి జట్కా కూడా లేదు. స్టీరింగు దిగితే పొదటూరుపేటలో మగ్గం గుంటే గతి. ఆ గుంటలో కూర్చుని నూలు ధూళి పీల్చి పీల్చి తండ్రి దగ్గుతోనే పోయాడు. ఇతనికీ మీసం రాకముందే ఆ దగ్గు పట్టుకుంది. వీళ్ల చీరలు కొనే ద్వారకనాథ్ గారు ఒకరోజు ఆ దగ్గు విని, "నువ్వు పైకి రారా ముందు" అని కారు తుడిచే పనిలో పెట్టుకున్నారు. తర్వాత డ్రైవింగు నేర్పించారు. గాలి తగిలి దగ్గు పోయింది. తల్లి తిరుమలమ్మ మాత్రం గాలిని నమ్మదు. కారే కొడుకు దగ్గు పోగొట్టిందంటుంది.

ఆ కారులో ఆమె ఒక్కసారీ కూర్చోలేదు. కూర్చోబెట్టొద్దని అయ్యగారు అనలేదు. ఒక కృత్తిక పండక్కి ఆయనే, "మీ అమ్మని కొండకాడికి బండిలో తీసకపోరా" అన్నారు కూడా. "వద్దులేయ్యా, కాళ్లకు మట్టుంటాది. నడిచొస్తాదిలే" అన్నాడు వేలాయుధం. పక్కనే ఉన్న ఆమె అది విని నడిచే వెళ్లింది. పెళ్లి మాటెత్తితే విసుక్కునే కొడుకు ఆ కారుకే తాళి కట్టాడని ఇరుగుపొరుగుతో నవ్వుతూ చెప్పుకునేది.

ఇలా ఉండగా కొత్త పీడ ఒకటి పట్టుకుంది. రోజూ పొద్దున కారు తుడవబోతే ఎడమవైపు లైటు కింద ఇంత మసి అంటి ఉంటుంది. తుడిస్తే పోతుంది. మర్నాడు మళ్లీ ప్రత్యక్షం. "ఏ ముండాకొడుకో మసి పూస్తావుండాడు! దొరకనీ, వేళ్లిరస్తా!" అని వీధంతా వినబడేలా తిట్టి, తుడిచి, పనిలో పడేవాడు.

ద్వారకనాథ్ గారు మద్రాసు వెళ్లారు. ఆయన్ని రైలెక్కించి వచ్చిన మర్నాడు మసి మామూలుగానే ఉంది. వేలాయుధం మామూలుగానే గుడ్డ పెట్టి తుడిచాడు. పోలేదు. తడిగుడ్డ పెట్టాడు. పోలేదు. వంగి చూశాడు. అణా బిళ్లంత నల్లచుక్క, నిగనిగలాడుతూ, లైటు కింద, పసిబిడ్డ బుగ్గ మీద పెట్టినట్టు కూర్చుని ఉంది. అతను పెట్టిన కేకకు వీధంతా పాక దగ్గరికి చేరింది.

ఇక సలహాలిచ్చేవాళ్లకేం కొదవ? ఎదురింటి వడ్రంగి కొయ్య నునుపు చేసే ఉప్పుకాగితం తెచ్చాడు. "రెండు రుద్దులు రుద్దితే చుక్క పోతాదన్నా." చుక్కా పోతుంది, రంగూ పోతుంది, కింద ఇనుమూ కనిపిస్తుంది. పక్కింటామె చింతపండు తెచ్చింది. "ఇది ఇత్తడి చెంబు కాదక్కా!" అని అరిచాడు. ఇటుకపొడి పట్టుకొచ్చిన పెద్దాయన్ని చేతులు జోడించి వెనక్కి పంపాడు. రంగు కరిగించే తిన్నరు పోయమన్న సైకిలు షాపువాడితో తగువే పడ్డాడు.

అతని పద్ధతి అతనిది. ముందు కుంకుడు నురుగు పట్టించాడు. లాభం లేదు. తర్వాత కిరసనాయిలు. అదీ నేరుగా చుక్క మీద కాదు, మడ్‌గార్డు లోపలి అంచున ఎవరికీ కనబడని చోట అద్ది, రంగు గుడ్డకు అంటడం లేదని చూసుకున్నాక. చిన్న దూది ముక్క తడిపి, చుక్క మీద ఒత్తి పెట్టి, రుద్దకుండా ఎత్తాడు. దూది గోధుమరంగుకు తిరిగింది. ప్రాణం లేచొచ్చింది. వెంటనే సబ్బునీళ్లతో కడిగి, పాత పంచెగుడ్డతో అద్దాడు. మళ్లీ దూది, మళ్లీ కడగడం. పొద్దు వాలేసరికి నలుపు కాస్తా వక్కరంగుకు దిగింది. అంతకుమించి దిగనంది. ఇంకా ఒత్తితే పాలిష్ చచ్చిపోతుందని ఆపేశాడు.

మర్నాటికి అతని వేళ్లు పొక్కాయి. వాచి, నీళ్లు పట్టి, దురదతో ప్రాణం తీస్తున్నాయి. చాకలి కన్నియమ్మ బట్టల మూటతో వస్తూ ఆ చేతులు చూసి నిలబడిపోయింది.

"అయ్యో, యాడ పెట్నావు నాయనా చేతులు? ఇది సేంగొట్టై రసం గదా! నల్లజీడి. మేము గుడ్డలకు గుర్తు పెట్టేది. గుడ్డ చినిగినా గుర్తు పోదే!"

"కారుకు పూసినాడక్కా ఎవుడో. పూసినోడికి గూడా ఇట్లే పొక్కుతాదా?"

"అలవాటు లేనోళ్లు పెడితే పొక్కదా మరి?" అంది కన్నియమ్మ. అని, ఏదో గుర్తొచ్చినట్టు నాలుక కరుచుకుని, మూట ఎత్తుకుని గబగబా వెళ్లిపోయింది.

వేలాయుధానికి ఆ గబగబ పట్టలేదు. దొంగ వేళ్ల మీదే సాక్ష్యం ఉందని తెలిశాక అతనికి ఇంకేం పడుతుంది? ఆ వేళ్లను పట్టుకుని అయ్యగారి ముందు నిలబెడితే తన పని నిలుస్తుంది. ఊరి మీద పడ్డాడు. తిరుత్తణి ఆంధ్రాలో ఉండాలా, మద్రాసులో కలవాలా అని గోడలన్నీ తారుతో తగాదా పడుతున్న రోజులవి. తారు డబ్బాతో దొరికిన కుర్రాళ్ల చేతులు తిప్పి తిప్పి చూశాడు. ఆ పక్షంవాళ్లవీ చూశాడు, ఈ పక్షంవాళ్లవీ చూశాడు. మోచేతుల దాకా తారే గాని పొక్కు లేదు. టీ కొట్టులో గ్లాసు పట్టుకున్న ప్రతి చెయ్యీ చూశాడు. పిచ్చి పట్టిందనుకున్నారు.

ఆఖరికి జట్కా స్టాండుకు పోయాడు. గోపాలన్ రెండు చేతులూ చాపి పకపకా నవ్వాడు. "బాగా చూసుకో. గుర్రం కొరికిన మచ్చ తప్ప ఏం లేదు. అయ్య నిన్ను దించినంక నా కాడికే రా. గడ్డేసే పనుండాది."

తిట్టుకుంటూ ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. తిరుమలమ్మ అన్నం వడ్డిస్తోంది. అన్నం సగం కంచంలో, సగం నేల మీద పడుతోంది. వేలాయుధం తలెత్తాడు.

"ఎడం చేత్తో వడ్డిస్తుండావేందిమా?"

"కుడిచెయ్యి కాలిందిలేరా, గంజి వంచేటప్పుడు."

చేతికి గుడ్డ చుట్టి ఉంది. అతను లేచి ఆ గుడ్డ విప్పాడు. చూపుడువేలూ బొటనవేలూ తనవాటికంటే ఘోరంగా పొక్కిపోయి ఉన్నాయి.

"నువ్వా?"

"కాటిక పెడితే నిలవనిస్తివా?" అంది తిరుమలమ్మ, తప్పు అతనిదే అయినట్టు. "రోజూ తుడిచి పారేస్తివి. పైగా వేళ్లిరస్తానని తిడితివి. నేను లోపల్నించి వింటానే ఉంటిని. అందుకే కన్నియమ్మను అడిగి గింజ తెచ్చి, సూదితో పొడిచి ఆ రసం పెడితిని. చెప్పొద్దని దానిచేత ఒట్టేయిస్తిని."

"నాకు చెప్పుండొచ్చు గదమ్మా!"

"చెప్తే పెట్టనిస్తివా?"

ఆమె ఆగలేదు. "బజార్లో అందరి కండ్లూ ఆ బండి మీదనే. పోయిన నెల కడంబత్తూరు కాడ గుంతలోకి దిగలే? మీ నాయన మగ్గంలోనే దగ్గి దగ్గి పాయె. నిన్ను ఆ గుంటలోనించి బయటికి తీసింది ఆ బండేరా. దానికేమన్నా అయితే నువ్వు మళ్లా గుంటలోకే గదా."

"ఇప్పుడు నువ్వు చేసింది అదే గదమ్మా!" అని ఇల్లదిరేలా అరిచాడు వేలాయుధం. "రేపు అయ్య వస్తాడు. ఏం చెప్పేది?"

"నా పేరు చెప్పు."

"చెప్పి? నిన్ను ఆ ఇంటి ముందర తిట్టిస్తూ నేను నిలబడి వినేదా?"

అన్నం ముట్టకుండానే లేచిపోయాడు. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక, పాకలోకి పోయి ఆ చుక్కను చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు రైలు దిగిన ద్వారకనాథ్ గారు పెట్టె కూడా ఇవ్వకుండా నేరుగా లైటు దగ్గరికే నడిచారు.

"ఇదేంది?"

"దిష్టిచుక్కయ్యా. నేనే పెట్టినాను."

"నువ్వా?" ఆయన అతన్ని ఎగాదిగా చూశారు. "ఈగ వాలితే ఈగను తిట్టేవోడివి, నువ్వు పెట్టినావా? ఎవరో చెప్పు."

"నేనేనయ్యా."

"సరి, ఇంటికి పోనీ."

అబద్ధం కూడా అతికేలా ఆడలేని తన బతుకు మీద వేలాయుధానికి చెప్పలేనంత విసుగొచ్చింది. దారిలో, ఎన్నో ఏళ్లుగా లేని గరగర గొంతులో మొదలైనట్టు అనిపించింది. ఇక ఇదే ఆఖరిసారి అనుకుంటూ, గుంతలన్నీ తప్పించి మెల్లగా తోలాడు.

ద్వారకనాథ్ గారి వీధి మొగలో తిరుమలమ్మ నిలబడి ఉంది. కారు ఆగీ ఆగకముందే గుడ్డ విప్పి చెయ్యి చాపింది.

"నేనే సామీ. వాడేం చెప్పినా నమ్మొద్దు."

"ఆమెకేం తెల్దయ్యా, నేనే పెట్టినా" అంటూ వేలాయుధం దూకి, తాళం ఆయన చేతిలో పెట్టేశాడు. "తీసుకోండి. దిగిపోతా."

"నోరు ముయ్యిరా!" అంది తల్లి.

"ఇద్దరూ ముయ్యండి!" అన్నారు ద్వారకనాథ్ గారు. "ఒక్క చుక్కకి ఇద్దరు దొంగలేంది నా ప్రాణానికి?"

ఆయన కారు దిగి తల్లి చెయ్యి చూశారు. కొడుకు చేతులు చూశారు. తర్వాత వంగి, చుక్క మీద బొటనవేలితో గట్టిగా రాశారు. వేలాయుధం ప్రాణం విలవిల్లాడింది గాని, ఆయన్ని ఏమంటాడు?

"రంగు లేవలేదే" అన్నారాయన, నిమ్మళంగా. "ఇంక రుద్దితే లేస్తాది. వదిలెయ్, ఉండనీ." తాళం తిరిగి అతని చేతిలో పడేశారు. "ముందు ఆ చేతులు కాంపౌండరుకు చూపించుకోపోండి. మీ అమ్మని బండిలో తీసకపో."

వేలాయుధం వెనకతలుపు తెరిచి పట్టుకున్నాడు. తిరుమలమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"వద్దులే నాయనా. కాళ్లకు మట్టుండాది. నడిచొస్తాలే."

అవి ఎవరి మాటలో వేలాయుధానికి తెలుసు. ద్వారకనాథ్ గారికీ తెలుసు, ఆయన అటు తిరిగి నిలబడ్డారు. సిగ్గుతో అతని ముఖం మాడిపోయింది.

"ఎక్కమా" అన్నాడు.

ఆమె ఎక్కి సీటు అంచున ఒదిగి కూర్చుంది. అతను స్టీరింగు ముందు కూర్చుని అద్దంలో చూశాడు. కింద పరిచిన చాప మాసిపోతుందని ఆమె రెండు కాళ్లూ పైకెత్తి పట్టుకుని, పడిపోకుండా మంచి చేత్తో ముందు సీటును పట్టుకుని ఉంది.

"కాళ్లు కింద పెట్టమ్మా!" అని కసిరాడు వేలాయుధం, కళ్లు తుడుచుకుంటూ.

ఆమె పెట్టేదాకా కారు కదిలించలేదు.