పోలేరమ్మ రెండో కన్ను

దుర్గి సెంటర్లో మా తమ్ముడు కోటాచారి షెడ్డుకు ఎదురుగానే నా ఇడ్లీ బండి. పొద్దున్నే నేను పొయ్యి వెలిగించే వేళకు వాడి ఉలి చప్పుడు మొదలవుతుంది. నంది కావాలంటే నంది, నాగపడగ కావాలంటే నాగపడగ, తులసికోట, దీపస్తంభం, ఎవరేది అడిగితే అది చెక్కి ఇస్తాడు. ఒక్క పని మాత్రం చెయ్యడు. గుడిలో నిలబెట్టే విగ్రహానికి కళ్ళు తెరవడు. ముక్కు, పెదవి, చెవి కమ్మలు అన్నీ తీర్చి, కళ్ళ చోటు నున్నగా వదిలేసి, "కళ్ళు ఇంకెవరి చేతన్నా పెట్టించుకోండి" అంటాడు. ఎందుకని అడిగితే తల వంచుకుని పనిలో పడతాడు. వాడు చెప్పడు కాబట్టి నేను చెబుతాను. నాకు మాట దాచుకోవడం చేతకాదు. మా ఆయన బతికున్నన్నాళ్ళూ దానికే నాతో గొడవపడేవాడు.

మా నాన్న ఉన్నంతకాలం విగ్రహం ఒళ్ళంతా కోట చెక్కేవాడు, కళ్ళు మాత్రం నాన్న తెరిచేవాడు. అది షెడ్డులో చేసే పని కాదు. ప్రతిష్ఠ రోజు తెల్లవారే వేళ గుడి దగ్గర తెర కట్టి, విగ్రహానికి ఎదురుగా అద్దం పెట్టి, సన్న ఉలితో కనుపాపలు గీస్తారు. అమ్మవారి మొదటి చూపు మనిషి మీద పడకూడదని ఆ అద్దం. అంతకు ముందు పక్షం రోజులు ఉలి పట్టే మనిషి నియమంలో ఉండాలి. ఒంటిపూట భోజనం, నేల మీద పడక, చుట్ట ముట్టకూడదు, సారా వాసన కూడా చూడకూడదు. "ఒంట్లో మత్తు ఉన్నోడి చేతికి అమ్మ కన్ను ఇయ్యదురా" అనేవాడు నాన్న. మాకు చిన్నప్పటి నుంచి ఆ మాట చెవుల్లో పోసినట్టే ఉంది. కోట మరీనూ. వాడికి ఈ లోకంలో ఇల్లూ పొలమూ అక్కర్లేదు, ఆ తెర వెనక ఒక్కసారి నిలబడితే చాలనుకునేవాడు. నలభై దాటినా నాన్న ఆ ఉలి వాడి చేతికివ్వలేదు. పోయే ముందు ఇచ్చాడు, కానీ అప్పటికి వీడి చెయ్యి లేచే స్థితిలో లేదు.

నాన్న జబ్బుపడ్డ రోజుల్లోనే వాడికీ మొదలైంది. పెద్దాయన పోయాక పూర్తిగా పడిపోయాడు. ఉలి చప్పుడు ఆగిపోయింది. షెడ్డులో రాయికి ఆనుకుని కూర్చుని, ఎండ వచ్చినా జరగడు, వాన వచ్చినా జరగడు. అన్నం పెడితే కలుపుతూ ఉంటాడు, తినడు. బజారు ఊరుకుంటుందా? ఒళ్ళు బద్ధకమన్నారు, గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించాం, నిమ్మకాయలు తిప్పేశాం. వాడి భార్య జ్యోతి ఒకరోజు నా బండి దగ్గరికొచ్చి, "వదినా, బావి కాడికి పోయి నిలబడతా ఉండాడు, నాకు భయంగా ఉంది" అంది. ఆ రోజే బండి మూసేసి, మాచర్లలో బస్సెక్కించి, నరసరావుపేటలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆమె మంచి మనిషి. తొందరపెట్టకుండా విన్నది. చచ్చిపోవాలనిపిస్తోందా అని మొహం మీదే అడిగింది. వాడు అవునన్నట్టు తల ఊపాడు.

"ఇది డిప్రెషన్. జబ్బు, అంతే. తగ్గుతుంది" అంది డాక్టరమ్మ. "రోజూ పొద్దున టిఫిన్ తిన్నాక ఒక బిళ్ళ. మొదట్లో వికారంగా ఉండొచ్చు, కంగారుపడొద్దు. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. ఇది మందు కాదు, మన్ను అని ఈలోపు పారెయ్యొద్దు. తాగుడు వద్దు. వేరే ఏ మందు వేసుకోవాలన్నా నన్ను అడగండి. బాగయిందని మీ అంతట మీరు ఆపొద్దు. ఆపే రోజు వచ్చినప్పుడు నేనే మెల్లమెల్లగా తగ్గిస్తాను. చచ్చిపోవాలనే ఆలోచన మళ్ళీ వస్తే, ఏ పొద్దయినా సరే, ఫోన్ చెయ్యండి." బిళ్ళలు జ్యోతి దగ్గరే ఉంచమని, తన నంబరు జ్యోతి ఫోన్లో తనే కొట్టి ఇచ్చింది.

జ్యోతి ఆ మందును పోపుల డబ్బాలో పెట్టుకుని, రోజూ ఒకటి తెచ్చి వాడి అరచేతిలో పెట్టేది. నా ఇడ్లీ తిని, నా చెంబులో నీళ్ళు తాగి మింగేవాడు. మొదటి వారం తిన్నదంతా కక్కాడు. జ్యోతి బెంబేలెత్తి ఫోన్ చేస్తే, ఫర్వాలేదు, సర్దుకుంటుందని చెప్పింది డాక్టరమ్మ. సర్దుకుంది. నెల దాటాక ఒక పొద్దున నేను చట్నీకి మిరపకాయలు వేయిస్తుంటే ఎదురుగా ఉలి చప్పుడు వినపడింది. చట్నీ మాడిపోయింది. ఆ పూట వచ్చినవాళ్ళకు కారప్పొడితోనే పెట్టాను, ఎవరన్నా నోరెత్తితే చూద్దామనుకున్నా, ఎవరూ ఎత్తలేదు.

బజారు నోరు మాత్రం మూతపడలేదు. "కోటాచారి మత్తుబిళ్ళలు మింగుతున్నాడంట" అని చెప్పుకునేవాళ్ళు. నా ముందు అన్నవాళ్ళకు వాళ్ళ ఏడు తరాల చరిత్ర చదివి వినిపించాను. కానీ వాడి ముందు ఎవరెవరు అన్నారో నాకేం తెలుసు? ఆ మాట వాడి లోపల ఎక్కడో దిగబడి ఉంది.

ఆ మరుసటి ఏడు రెంటచింతల అవతల ఒక ఊరి నుంచి పెద్దమనుషులొచ్చారు. పోలేరమ్మకు కొత్త గుడి కడుతున్నారు, విగ్రహం కావాలి. మీ నాన్న చేతి పని చూశాం, మీరే చెయ్యాలి, కళ్ళు కూడా మీరే తెరవాలి అన్నారు. మా కోట మొహం చూడాలి అప్పుడు. పెళ్ళిలో కూడా అట్లా వెలగలేదు. నెలల తరబడి చెక్కాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నాన్న కూడా అంత బాగా చెక్కలేదు. అమ్మవారి చేతి వేళ్ళకు గోళ్ళు కూడా విడివిడిగా కనపడేవి. పూత పూసినట్టున్న ఆ కళ్ళ చోటును బొటనవేలితో నిమురుతూ, "అక్కా, ఈ రెండూ నేనే తెరవాల" అనేవాడు. ఎన్నిసార్లన్నాడో.

నియమం మొదలైంది. షెడ్డులోనే నేల మీద పడక. ఒంటిపూట తిండి. జ్యోతి రోజూ పొద్దున పాలు పోసుకుని వచ్చి, బిళ్ళ చేతిలో పెట్టి వెళ్ళేది. వాడు నోట్లో వేసుకున్నట్టే వేసుకుని, ఆమె అటు తిరగ్గానే తీసి రాతిపెచ్చుల కుప్పలో గుచ్చేసేవాడు.

ఎందుకంటే ఆ మొద్దు బుర్రకు అది సారాతో సమానమని తోచింది. నాన్న మాట ఒకటి, బజారు మాట ఒకటి, రెండూ కలిపి వాడంతట వాడే తీర్పు చెప్పేసుకున్నాడు. జ్యోతికి చెప్పలేదు, చెబితే ఒప్పుకోదని. నాకు చెప్పలేదు, చెబితే చెవి మెలిపెడతానని. డాక్టరమ్మకు చెప్పలేదు, ఆమెకు అమ్మవారి నియమాలు ఏం తెలుస్తాయని. వాడి మొండితనం మండిపోను. జ్యోతి ఫోన్లో ఆ నంబరు ఉండనే ఉంది.

నాలుగైదు రోజులకు మనిషి తేడాగా ఉన్నాడు. ఊరికే చిరాకు. పాలు చల్లారాయని గ్లాసు విసిరికొట్టాడు. లేచి నిలబడితే గోడ పట్టుకునేవాడు. నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డాయి. ఏందిరా అంటే, "ఒంటిపూట తిండి కదక్కా, నీరసం" అన్నాడు. నాన్నకూ నియమంలో ఉన్నప్పుడు కోపం ముక్కు మీదే ఉండేది. అందుకని మేమూ అదే అనుకున్నాం.

ప్రతిష్ఠ రోజు మేమంతా వెళ్ళాం. తెల్లవారుతోంది. డప్పులు ఆపేశారు. గుడి ముందు ఊరంతా నిలబడి ఉంది. తెర వెనక కోట, ప్రతిష్ఠ చేయించే అయ్యగారు, అమ్మవారు, ఎదురుగా అద్దం. తెర పక్కనే నేనూ జ్యోతీ. నాన్న సన్న ఉలి చప్పుడు మెల్లగా టిక్కు టిక్కుమని వినపడుతోంది. ఎడమ కన్ను అయిందని అయ్యగారు చెప్పారు. ఆడవాళ్ళు దణ్ణం పెట్టుకున్నారు. జ్యోతి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మళ్ళీ టిక్కు టిక్కు. ఆ తర్వాత ఒక్క దెబ్బ వేరేగా వినపడింది. రాతి పనివాళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని, ఆ చప్పుడు ఏందో నాకు తెలుసు. రాయి పెచ్చు లేచిన చప్పుడు.

లోపల నుంచి వాడు "అమ్మా" అన్నాడు, చిన్నపిల్లవాడు అన్నట్టు. తెర తీసి వెళ్ళాను. కుడి కంటి రెప్ప దగ్గర నుంచి చెంప దాకా వేలెడు పెచ్చు ఊడి కింద పడి ఉంది. వాడు ఆ పెచ్చును రెండు చేతులతో పట్టుకుని, తిరిగి ఆ చోట అంటించాలని చూస్తున్నాడు. చేతులు వణుకుతున్నాయి. "తలలో కరెంటు కొట్టినట్టయింది అక్కా, ఒక్క రెప్పపాటు" అన్నాడు.

పెచ్చూడి భిన్నమైన విగ్రహానికి పూజ లేదు. ఊళ్ళో పెద్దలు కేకలేశారు, ఎందుకెయ్యరు? శుభమా అని పండగ చేసుకుంటుంటే ఇదా. అయ్యగారు వాళ్ళను ఆపి, వాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, ఏమైందని అడిగారు. అప్పుడు బయటపెట్టాడు. నియమం కోసం మత్తుబిళ్ళ మానేశానని.

అయ్యగారు నడుముకు దోపుకున్న సంచి తీసి చూపించారు. "ఇవిగో నా షుగర్ బిళ్ళలు. ఇది బీపీది. పొద్దున వీటిని మింగే కదా అమ్మ దగ్గరికి వచ్చా. మందుకు నియమం ఏంది ఆచారీ? నన్నొక్క మాట అడగలేకపోయావా?"

మా నాన్న పోయినప్పుడు కూడా నేనంత ఏడవలేదు.

సాయంత్రం అమ్మవారిని ట్రాక్టరులో ఎక్కించి సత్రశాల దగ్గర కృష్ణలో కలిపారు. కోట వద్దన్నా వినకుండా నడుము లోతు నీళ్ళలోకి దిగాడు. మునిగేటప్పుడు ఆమె తెరిచిన ఎడమ కన్ను ఆకాశం వైపు ఉంది. నాన్న సన్న ఉలి నడుము నుంచి తీసి ఆమె పక్కనే వదిలేశాడు. జ్యోతి వెనకే దిగి వాడి చొక్కా కొస వదల్లేదు.

ఇంటికొచ్చాక మానేసిన బిళ్ళలన్నీ ఒక్కసారే మింగుతానని పోపుల డబ్బా మీద పడ్డాడు. జ్యోతి లాక్కుని, వెంటనే ఫోన్ చేసింది. అట్లా ఎప్పుడూ కలిపి వేసుకోకూడదు, డబ్బా దాచిపెట్టి, ఒంటరిగా వదలకుండా పొద్దున్నే తీసుకురండి అంది డాక్టరమ్మ. వెళ్ళాం. తల తిరగడం, ఆ కరెంటు కొట్టినట్టుండటం, ఆ చిరాకు, అన్నీ మందు ఉన్నట్టుండి ఆపడం వల్లేనట. "అది మత్తుమందు కాదు కోటాచారి గారూ. చేతిని వణికించదు. అది లేకపోబట్టే వణికింది" అంది. మళ్ళీ మొదలుపెట్టించింది. వారం వారం రమ్మంది. జ్యోతి షెడ్డు ఊడుస్తుంటే పెచ్చుల కుప్పలో తెల్లబిళ్ళలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. వాటిని కొంగులో ఏరుకుని నా దగ్గరికి తెచ్చింది. ఇద్దరం వాటి వంక చూస్తూ ఎంతసేపు కూర్చున్నామో.

ఇప్పుడు వాడు బాగానే ఉన్నాడు. రోజూ నా బండి దగ్గర, బజారంతా చూస్తుండగా, ఇడ్లీ తిని బిళ్ళ మింగుతాడు. ఎవరన్నా వంకరగా చూస్తే నేను గరిటె పట్టుకుని చూస్తాను. ఆ ఊరివాళ్ళు పోలేరమ్మను ఇంకెక్కడో చేయించుకున్నారు. ప్రతి ఏడూ తిరునాళ్ళకు పిలుస్తారు కూడా. వీడు పోడు.

మొన్న ముప్పాళ్ళ నుంచి ఎవరో ఆంజనేయస్వామి కోసం వచ్చారు. కళ్ళు కూడా నువ్వే పెట్టాలి అని చేతులు పట్టుకున్నారు. వాడు మామూలుగానే, బొమ్మ చెక్కుతాను గానీ కళ్ళు పెట్టనన్నాడు. వాళ్ళు వెళ్ళాక నాకు ఒళ్ళు మండింది.

"ఒరేయ్ కోటా, డాక్టరమ్మ నీకు బాగుందని చెప్పింది. నీ చెయ్యి కూడా వణకట్లా. ఇంకా ఏందిరా నీ బాధ? ఉలి లేదంటావా, మాచర్లలో కొత్తది చేయిద్దాం పద" అన్నాను.

వాడు చెయ్యి చాపి చూసుకున్నాడు. నిజంగానే వణకడం లేదు.

"చెయ్యి బాగానే ఉందక్కా" అన్నాడు. "బిళ్ళ మానకుంటే ఆ పొద్దు కూడా బాగానే ఉండేది. అయ్యగారు పక్కనే ఉండాడు. డాక్టరమ్మ ఫోన్లో ఉంది. నువ్వు ఎదురుగా ఉండావు. అందరూ ఉండారు, ఎవర్నీ అడగలా. అమ్మకు నేను ఏం చెప్పుకోను?"

చెంబుతో నీళ్ళిచ్చాను. బిళ్ళ మింగి, మూతి తుడుచుకుని, ఆంజనేయుడి కోసం రాయి చూడటానికి షెడ్డులోకి వెళ్ళాడు.