ఒక చెవితో నాంపల్లి దాకా, మా బ్యాండ్ కోసం

ఆ రోజు డాక్టరుగారు మాటలు నాన్చలేదు. కుడి చెవి పూర్తిగా పోయిందనీ, ఎడమది కూడా ఏటేటా తగ్గుతుందనీ చెప్పేశారు. ఇంటికొచ్చి నేను మొదట చేసిన పని ‘మూడో ప్లాట్‌ఫాం’ బ్యాండ్ కచేరీ ఎక్కడుందో వెతకడం. ఇంటర్‌లో ఉండగా బషీర్‌బాగ్‌లో ఒక కాలేజీ వేడుకలో ఆ నలుగురి పాట మొదటిసారి విన్నాను. అప్పటికి వాళ్లూ విద్యార్థులే. పరీక్ష తప్పడం గురించి వాళ్లు పాట కట్టిన ఏడాదే నేను లెక్కల్లో తప్పాను. అద్దె ఇళ్ల మీద పాడేనాటికి మెదక్‌లో టీచరుగా చేరి గది కోసం తిరుగుతున్నాను. పదిహేడేళ్లుగా అన్నీ ఇయర్‌ఫోన్లలోనే. ఎదురుగా కూర్చుని విన్నది ఆ ఒక్కసారే. శనివారం నాంపల్లిలో కచేరీ ఉందని తెలిసింది. వినికిడి ఉండగానే రెండోసారి వినాలని నిశ్చయించుకున్నాను.

శనివారం పొద్దున ఏడింటికి మెదక్‌లో బస్సెక్కి పదింటికల్లా జూబ్లీ బస్టాండులో దిగాను. అక్కడి నుంచి మెట్రోలో, మధ్యలో ఎంజీబీఎస్ దగ్గర రైలు మారి నాంపల్లి చేరడానికి ముప్పావుగంట చాలు. టికెట్టు యాభై రూపాయల లోపే. కచేరీ సాయంత్రం నాలుగున్నరకు కాబట్టి నడుచుకుంటూ అబిడ్స్ వెళ్లి ఒక చిన్న హోటల్లో కూర్చున్నాను. కాసేపటికి వడ్డించే ఆయన నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“మేడం, మూడుసార్లు అడిగిన” అన్నాడు.

కుడివైపు నాకు వినిపించదని చెప్పాను.

“గట్లనా? ముందే చెప్పొద్దా” అంటూ ఎడమవైపుకు వచ్చి, ఉన్న టిఫిన్లన్నీ మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఇంటి బయట ఆ మాట చెప్పడం నాకదే మొదలు. చెబితే కొంపేమీ మునగలేదు.

ఆ ధైర్యంతోనే ఒంటిగంటకు నాంపల్లిలోని హాలుకు వెళ్లాను. వాచ్‌మన్, “నాలుగింటికే గేటు తీస్తం, గప్పుడు రాండ్రి” అన్నాడు. మెట్ల పక్కన నిలబడ్డాను. గంట తర్వాత బ్యాండ్ వాళ్ల వ్యాను వచ్చింది. తల నెరిసి, కాస్త పొట్ట వచ్చిన గాయకుడు శ్యామ్ స్పీకరు మోసుకుంటూ దిగాడు.

“అన్నా, నాకు ఒక్క చెవే పనిచేస్తుంది, అదీ తగ్గిపోతోంది. జనం గోలలో పాట మాటలు తెలియవు. ముందుగా సౌండ్ సరిచూసుకునేటప్పుడు నన్ను కూర్చోనిస్తారా?”

సౌండ్ చూసే ఆయన అడ్డొచ్చాడు. “బయటోళ్లను రానియ్యం అమ్మా.”

“మెదక్ నుంచి వచ్చాను. వద్దంటే ఇక్కడే ఉండి ఇంకోసారి అడుగుతాను.”

శ్యామ్ స్పీకరు కింద పెట్టాడు. “ఏ పాట గావాలె?”

పరీక్ష తప్పిన పాట అడిగాను.

ఖాళీ హాల్లో ఎడమ చెవి వేదిక వైపు ఉండేలా కూర్చున్నాను. గిటారు పైస్వరాలు నాకు అందలేదు. వేళ్లు కదలడం మాత్రం చూశాను. అందుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ పాటలో ప్రతి మాటా తేటగా వినిపించింది. ఇయర్‌ఫోన్లలో కొన్నాళ్లుగా నాకు చిక్కని మాటలవి.

“ఎట్లుంది?” అని అడిగాడు శ్యామ్. ఉన్నదున్నట్టు చెప్పి, మాటలు ఇంత బాగా ఎలా తెలిశాయని అడిగాను.

“నా గొంతు పైకి పోతలేదు. అందుకే శ్రుతి దించినం, జర నెమ్మది గూడ చేసినం. పాతోళ్లు తిడుతున్నరు.”

“నేను తిట్టను” అన్నాను.

సాయంత్రం కచేరీకీ ఉన్నాను. జనం కేకల్లో పాటలు సగం మునిగిపోయాయి. ఆ పాట మొదలయ్యాక మాత్రం చివరిదాకా గొంతు కలిపాను.

ఆ కాలేజీ వేడుకలో విన్న బ్యాండే మళ్లీ దొరుకుతుందని వెళ్లాను. అది దొరకలేదు. గొంతు తగ్గినా పాట ఆపని నలుగురు నడివయసువాళ్లు దొరికారు. నా చెవి బాగుపడదు. వినిపించినన్నాళ్లూ వెళ్తాను. నాలాంటి ఇబ్బంది ఉన్నవాళ్లు నిర్వాహకులకు నాలుగు రోజుల ముందే ఫోన్ చేసి విషయం చెప్పండి. మంచి చెవి వేదిక వైపు ఉండేలా వరుస చివరనున్న సీటు అడిగి తీసుకోండి.