తొమ్మిదో తరగతి స్టడీ సర్టిఫికెట్

దోహాలో మా తెలుగు ఉద్యోగుల ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. పిల్లలు ఎనిమిదో తరగతి దాటగానే తల్లీపిల్లలు ఇండియా వెళ్లిపోతారు, తండ్రి ఇక్కడే ఉండిపోతాడు. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లూ వరసగా మన రాష్ట్రంలో చదివితేనే పిల్లలు లోకల్. లేకపోతే సొంత రాష్ట్రంలోనే నాన్ లోకల్. మేం అనుకున్న యూనివర్సిటీలో నాన్ లోకల్ పిల్లలకి మెరిట్ స్కాలర్‌షిప్ లేదు, పైగా ఫీజు రెండింతలకి పైనే. మా అమ్మాయి పుట్టింది విజయవాడలోనే, కానీ పుట్టిన ఊరు ఎవరికి కావాలి?

మా వంతు వచ్చినప్పుడు నా వల్ల కాలేదు. మెసైమీర్‌లో మా ఫ్లాట్ హాలు నిండా అట్టపెట్టెలు. వాటిని చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇప్పుడేం మునిగిపోయింది? నేను కనుక్కున్నాను. మూడేళ్లు చదివితే చాలట. తొమ్మిది ఇక్కడే కానివ్వు," అన్నాను.

నేను ఎవర్నీ కనుక్కోలేదు. నోటికొచ్చింది అనేశాను. మా ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, "అయితే సరే," అని పెట్టెలు మంచం కిందికి తోసేసింది.

ఆ ఏడాది ఎంత బాగుందో! శుక్రవారం పొద్దున్నే అమ్మాయీ నేనూ కరక్ చాయ్‌కి, అదే ఇక్కడి యాలకుల టీకి, వెళ్లేవాళ్లం. కారులోనే కూర్చుని తాగుతుంటే, పక్క బళ్ల నంబర్లు నా చేత అరబిక్‌లో చదివించేది. అరబిక్ ఐదు అచ్చం మన సున్నాలా ఉంటుంది, నేను దాన్ని సున్నా అంటే చాయ్ ఒలికేలా నవ్వేది.

తర్వాత వాళ్లు వెళ్లిపోయారు. స్కాలర్‌షిప్ వచ్చిన రోజే రాజీనామా ఇచ్చి వచ్చేస్తానని అమ్మాయికి మాటిచ్చాను. ఉత్తరం కూడా టైపు చేసి, తేదీ మాత్రం ఖాళీగా ఉంచాను.

పొద్దున కంపెనీ బస్సులో మెసయీద్ ఎరువుల ఫ్యాక్టరీకి, సాయంత్రం మళ్లీ ఫ్లాట్‌కి. ముగ్గురికి సరిపోయే కుక్కర్లో పిడికెడు బియ్యం వేస్తే అడుగంటేది. చక్కెర డబ్బాకి ఫోన్ ఆనించి వాళ్లతో మాట్లాడుతూ తినేవాణ్ణి. ఫోన్ పెట్టేశాక ఏసీ చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. సెలవు రోజుల్లో సాయంత్రం దాకా నా గొంతు నేనే వినేవాణ్ణి కాదు.

రెండో ఏడు, బస్సులో నా పక్కన కూర్చునే నిజామాబాద్ మిత్రుడు మాటల్లో అడిగాడు. "అన్నా, మీ బిడ్డ తొమ్మిది ఈడనే సదివింది గదా? నాలుగేండ్లు ఆడ సదవాలె. మా బామ్మర్ది బిడ్డకు గట్లనే అడ్డం పడ్డది."

"నీకెవరు చెప్పారయ్యా?" అని కసిరాను. ఇంటికొచ్చి నిబంధన తీసి చదివితే నాలుగే. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. వాళ్లతో మాట్లాడాలంటేనే భయం పట్టుకుంది, డ్యూటీ ఉందని రెండు ముక్కల్లో ముగించేవాణ్ణి. అంతకుముందు ఒంటరితనం వాళ్లు లేక. ఆ తర్వాతది నేను చేతులారా చేసుకున్నది.

అమ్మాయికి మంచి ర్యాంకు వచ్చింది. యూనివర్సిటీలో సర్టిఫికెట్లు చూసే రోజు నేను సెలవు పెట్టి ఫ్లాట్‌లోనే కూర్చున్నాను. నాకు వినపడాలని మా ఆవిడ ఫోన్ ఆపకుండా చేతిలో పట్టుకుంది.

"తొమ్మిదో తరగతి ఖతర్‌లోనా? అయితే నాన్ లోకల్ అమ్మా," అన్నాడు గుమాస్తా.

"మావారు కనుక్కున్నారండీ. మూడేళ్లు చాలన్నారు."

"ఎవరన్నారమ్మా?"

కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత వరండాలో జనం గోల వినిపించింది.

"నేను ఎవర్నీ అడగలేదు," అన్నాను.

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"ఆ రోజే. ఎవరితో మాట్లాడినా వాళ్ల ఊరూ పేరూ అన్నీ చెప్పే మనిషి మీరు. ఆ రోజు ఒక్క పేరూ చెప్పలేదు. నాకు మాత్రం వెళ్లాలని ఉందా? మీరన్నది నిజమేమో అనుకోవడం నాకూ హాయిగానే అనిపించింది."

నాకు ఏడుపొచ్చింది. ఆ ఫీజు కట్టాలంటే అమ్మాయి చదువయ్యేదాకా, ఇంకో నాలుగేళ్లు నేనిక్కడే ఉండాలి. ఆ సంగతి మా ఆవిడకీ తెలుసు.

వెనక నుంచి అమ్మాయి అడుగుతోంది. "ఫీజు సంగతి సరే అమ్మా, నాన్న ఎప్పుడొస్తున్నాడో అడుగు. ఉత్తరం ఇచ్చేశాడా?"

"అది మీరే చెప్పండి," అని మా ఆవిడ ఫోన్ దాని చేతికిచ్చింది.

"చెప్పు నాన్నా," అంది.