నడుంలోతు నీళ్లలో మీటింగు

హెలికాప్టర్ నుంచి దిగిన మొదటి అడుగే బురదలో కూరుకుపోయింది. నల్లరేగడి. మా మోత్కూరు చుట్టుపక్కల చేలల్లో వానాకాలం చూసిన మట్టే. కాకపోతే ఇక్కడ దానికి అంచు లేదు. దక్షిణ సూడాన్, తెల్ల నైలు ఒడ్డు. ఎటు చూసినా గడ్డి, నీళ్లు, ఆకాశం. గుట్ట లేదు, బండ లేదు. నల్లగొండ జిల్లాలో పుట్టినవాణ్ని. గుట్ట కనపడకపోతే నాకు దిక్కు తెలియదు. వీపున సంచి, చేతిలో మందుల పెట్టె, తల మీద శాంతిదళం నీలం హెల్మెట్. బరువైన జాకెట్ లోపల చెమట కాలువ కట్టింది.

తెలంగాణ వచ్చిన తర్వాతి సంవత్సరాలవి. నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్‌ని. డాక్టరు చెప్పిన సూది వేయడం, కట్టు కట్టడం, స్ట్రెచర్ ఒక కొస పట్టుకోవడం నా పని. మా బెటాలియన్‌ను ఇళ్లు వదిలి పారిపోయి వచ్చినవాళ్ల శిబిరానికి కాపలా పెట్టారు. శిబిరంలో రెండు తెగలవాళ్లు. బయట ఒకరినొకరు చంపుకున్నవాళ్లు. లోపల తూర్పున ఒకరు, పడమర ఒకరు. మధ్యలో ఖాళీ జాగా. దాని అంచున ఇసుక బస్తాలతో కట్టిన మా మోర్చా.

ఆ మోర్చాలో వైర్‌లెస్ ఆపరేటర్ ఆలంపూర్ పిల్లగాడు. బెటాలియన్ మొత్తంలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

"మనోనివేనా అన్నా? యాడ మనది?"

"మోత్కూరు."

"ఇగ బతికిన. ఇన్ని దినాలు హిందీల్నే కలలు గన్న."

పక్కనున్న ఏటి సంగతి అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "తుంగభద్ర ఒడ్డున పుట్టినోణ్ని. గీ నీళ్లను జూస్తే నాకే భయమైతాంది. ఈ ఏటికి ఒడ్డే లేదన్నా."

కొన్నాళ్లకు మా డాక్టర్ సాబ్ పిలిచారు. మేజర్ ర్యాంకు మనిషి, గొంతు ఎప్పుడూ పరేడ్ గ్రౌండ్‌లో ఉన్నట్టే ఉంటుంది. "ఖాళీ జాగాలో ఒక రేకుల షెడ్డు ఉంది. ప్రతి బుధవారం అక్కడ తాగుడు మానాలనుకునేవాళ్లు కలుస్తారు. వాళ్లకు డాక్టరు లేడు, మందులు లేవు, తాగుడు ఎలా మానాలో చెప్పే పుస్తకమైనా లేదు. నువ్వు వెళ్లు. ఉపన్యాసం ఇవ్వకు. నాడి చూడు, విటమిన్ మాత్రలివ్వు. ఎవరికైనా ఫిట్స్ వస్తే ఇక్కడికి తీసుకురా."

ఏళ్ల తరబడి బాగా తాగినవాడు ఉన్నట్టుండి మానేస్తే ముందు వణుకు, తర్వాత ఫిట్స్ రావచ్చు. ప్రాణమూ పోవచ్చు. మానడం మంచిదే, కానీ ఒంటరిగా మానడం ప్రమాదం. ఆ సంగతి నాకు తెలుసు. ఆ షెడ్డులోని వాళ్లకు నాకంటే బాగా తెలుసు.

కుర్చీలు లేవు. బోర్లించిన నీళ్ల డబ్బాల మీద కూర్చునేవాళ్లు. శిబిరం బడిపంతులు నా పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెప్పేవాడు. ఇప్పుడు గుర్తొచ్చేటప్పుడు మాత్రం వాళ్ల మాటలు నాకు మా ఊరి మాటలోనే వినిపిస్తాయి.

మీటింగు మొదలుపెట్టింది ఇద్దరు ఆడవాళ్లు. న్యాదెంగ్ పడమటి వైపు మనిషి. జొన్నలతో సారా కాచేది, తనూ తాగేది. అచోల్ తూర్పు వైపు మనిషి. ఆమె భర్త న్యాదెంగ్ కాచిన సారా తాగి తాగి చనిపోయాడు. ఒక రోజు అచోల్ ఖాళీ జాగా దాటి న్యాదెంగ్ గుడిసె ముందు నిలబడిందట. కొట్లాటకు వచ్చిందనుకుని న్యాదెంగ్ కర్ర అందుకుంది. అచోల్ గిన్నె చాపింది. "నాకూ పొయ్" అంది. న్యాదెంగ్ ఆ గిన్నె వంక చూసి, సారా కుండను బయటికి తెచ్చి నేలకేసి కొట్టింది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఏ తెగకూ చెందని ఆ జాగాలో కూర్చోవడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరే వచ్చి చేరారు.

ఎవరి వంతు వస్తే వాళ్లు పేరు చెప్పాలి. తాగకపోతే "ఇయ్యాల తాగలే" అనాలి. తాగితే "తాగిన" అనాలి. ఎవరూ తిట్టరు. పక్కకు జరిగి జాగా ఇస్తారు. అంతే మీటింగు.

ఒకసారి న్యాదెంగ్ నన్నడిగింది. "మీ ఇంట్ల ఎవలన్న తాగుతరా?"

"మా బావ. అక్క మొగుడు. గొర్లు కాస్తడు. పొద్దుగాలనే మొదలువెడ్తడు."

"ఆయన పక్కన ఎవలు కూసుంటరు?"

నేను ఆలోచించాను. అక్క ఏడుస్తుంది. అవ్వ శాపాలు పెడుతుంది. గుట్ట మీది గుడికి తీసుకెళ్లి ఒట్టు వేయించాం, దవాఖానలో చూపించాం. పక్కన కూర్చున్నది మాత్రం ఎవరూ లేరు. ఆ మాటే చెప్పాను.

వానలు ముదిరాక మజోక్ వచ్చాడు. పడమటి వైపు మనిషి, ఒకప్పుడు తుపాకీ పట్టినవాడు. షెడ్డు అంచున నిలబడ్డాడు. చేతులు ఎండుటాకుల్లా వణుకుతున్నాయి. పేరు చెప్పాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, అచోల్ వాళ్ల ఊరు తగలబెట్టిన దళంలో తనూ ఉన్నానన్నాడు.

నా చెయ్యి నడుముకున్న వైర్‌లెస్ సెట్ మీదికి పోయింది. అచోల్ లేచి అతని ముందుకు వెళ్లింది.

"ఇయ్యాల తాగినవా?"

"తాగిన."

"రేపు పొద్దుగాల నేనొచ్చి లేపుత."

మర్నాడు వెళ్లి లేపింది. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా. కొన్ని నెలల ముందు ఆ ఖాళీ జాగా దాటినవాడి మీద రాళ్లు పడేవి. ఇప్పుడు రోజూ పొద్దున నేను మోర్చా నుంచి అచోల్‌ను చూసేవాణ్ని. పొడుగాటి ఆడమనిషి, ఒక్కతే, బురదలో అటువైపు నడిచి వెళ్లేది. ఆపరేటర్ బైనాక్యులర్ దించి, "గీమెకు భయం లేదా అన్నా?" అనేవాడు.

"ఉంటది. అయినా పోతాంది."

తర్వాత ఒక తెల్లవారుజామున ఏటి కట్ట తెగింది. ఖాళీ జాగా అంతా నీళ్లు. అందరం కట్ట దగ్గర బస్తాలు మోస్తున్నాం. పొద్దెక్కాక బడిపంతులు, శిబిరం వాళ్లకు ఇచ్చిన వైర్‌లెస్ సెట్‌లో దొరికాడు. మజోక్ మళ్లీ తాగాడట. సిగ్గుపడి, ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానేశాడట. ఫిట్స్ వచ్చాయి. మోసుకుని మా వైపు బయల్దేరినవాళ్లు షెడ్డు దగ్గర నీళ్లలో చిక్కుకుపోయారు.

పడవ అడిగాను. సెట్‌లో ఆపరేటర్ గొంతు. "అన్నా, పడవ ఇస్తలేరు. నీళ్లల్ల కరెంటు తీగలున్నయంట."

"డాక్టర్ సాబ్‌కు కలుపు."

"కలుపుతున్న. జర ఆగు."

తీగలకు కరెంటు ఆపించి పడవ ఇచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టర్ సాబ్ తానే వచ్చి ముందు కూర్చున్నారు. వాన దంచి కొడుతోంది. దగ్గరికి వెళ్లాక ఇంజన్ ఆపేశాం.

షెడ్డు రేకులు ఎగిరిపోయి గుంజలు మిగిలాయి. వాటి మధ్య వాళ్లు నిలబడి ఉన్నారు. నడుంలోతు నీళ్లు. చేతులు తలపైకి ఎత్తి ఒక తలుపు చెక్కను పట్టుకున్నారు. చెక్క మీద మజోక్, గుడ్డతో కట్టి ఉన్నాడు. న్యాదెంగ్ డబ్బాలెక్కి అతని తల దగ్గర నిలబడింది. నేను ఎప్పుడో చూపించినట్టే, నోట్లోంచి నురుగు కారిపోయేలా ముఖాన్ని ఒక పక్కకు తిప్పి పట్టుకుంది. తూర్పు వాళ్లు, పడమటి వాళ్లు, ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని.

వాళ్లు ఏదో అంటున్నారు. ప్రార్థన అనుకున్నాను. కాదు. ఆ రోజు బుధవారం. వరసగా పేర్లు చెబుతున్నారు. ఇయ్యాల తాగలే. ఇయ్యాల తాగలే. వంతు మజోక్ దాకా వచ్చి ఆగింది. అతనికి స్పృహ లేదు. చెక్క కింద నుంచి అచోల్ గొంతు వినిపించింది.

"ఈయన మజోక్. ఇయ్యాల తాగలే."

డాక్టర్ సాబ్ వానలో హెల్మెట్ తీసేశారు. ఆయన గొంతు తగ్గడం నేను విన్నది అప్పుడే. "సిరంజి ఇవ్వు" అన్నారు, గుడిలో మాట్లాడినట్టు.

మజోక్ బతికాడు. నేను తిరిగి వచ్చేనాటికి మీటింగుకు నడిచి వస్తున్నాడు.

హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సెక్కి చిట్యాలలో దిగాను. అక్కణ్నుంచి మా ఊరు. మర్నాడు గొర్ల మంద దగ్గరికి వెళ్లి బావ పక్కన బండ మీద కూర్చున్నాను.

"ఏం బామ్మర్ది, నాకు బుద్ధి చెప్ప వచ్చినవా?"

"లేదు బావా. ఊకె కూసుందామని."

సాయంత్రం దాకా కూర్చున్నాను. వెళ్లబోతుంటే, "రేపొస్తవా?" అన్నాడు. చాలా రోజులు వెళ్లాను. తర్వాత నల్లగొండ దవాఖానకు పోదాం, తోడు రమ్మని తనే అడిగాడు. ఇప్పుడు నేను రిటైరయ్యాను. మోత్కూరు సంత వెనక ఒక ఖాళీ దుకాణంలో కొందరం కూర్చుంటాం. బావ కొన్ని వారాలు వస్తాడు, కొన్ని వారాలు రాడు. వచ్చినప్పుడు పక్కకు జరుగుతాం.

అక్కడ ఏం చూశావని ఊళ్లో అడుగుతారు. తుపాకుల సంగతి చెబుతానని వాళ్ల ఆశ. నా కళ్ల ముందు మాత్రం ఆ మధ్యాహ్నమే ఉంటుంది. మజోక్‌ను చెక్కతో సహా పడవలోకి తీసుకుని, మిగిలినవాళ్ల కోసం మళ్లీ వస్తామని చెప్పి పడవ తిప్పాం. వెనక్కి చూశాను. వాళ్ల చేతులు ఇంకా పైనే ఉన్నాయి. పొద్దుటి నుంచి మోసి మోసి బిగుసుకుపోయాయి. కిందికి దిగడం లేదు. వాటి మీద ఇప్పుడు వాన తప్ప ఏమీ లేదు. న్యాదెంగ్ ఆ నీళ్లలో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తోంది. మోచేయి పట్టుకుని, నిద్రపోయిన పసిబిడ్డను పడుకోబెట్టినట్టు, ఒక్కో చేతినీ మెల్లగా కిందికి దించుతోంది.