ఆమినా బీ దారం ముడులు

ఆమినా బీని మా క్లాసుకు ఆయాగా వేసిన రోజే నాకు అనుమానం వచ్చింది. ఆమె కూర్చోలేదు. ఫ్యాను కింద కుర్చీ వేయించినా వద్దని, వెనక గోడకు ఆనుకుని నిలబడింది. చూపుడువేలికి ఒక తెల్లదారం చుట్టుకుని క్లాసంతా చూస్తూ ఉంది. ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని. నా క్లాసులో పని చేయడానికి వచ్చి, పని చేయకుండా చూస్తూ నిలబడే మనిషిని నేనెందుకు నమ్మాలి?

నా పేరు లీలావతి. సొంతూరు మొవ్వ. బందరులో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి పిల్లలకి తెలుగు చెబుతాను. క్లాసు టీచర్ని కూడా నేనే. నలభై ఒక్కమంది పిల్లలు. అందులో నలభైమంది ఒక ఎత్తు, బిందు ఒక్కతే ఒక ఎత్తు. తల్లీ తండ్రీ కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటే, ఈ పిల్ల బందరులో అమ్మమ్మ కృపమ్మ దగ్గరుండి చదువుకుంటోంది. చదువుకుంటోంది అన్నది మాటవరసకే. పుస్తకాలు చింపుతుంది, పక్కవాళ్ల జడలు లాగుతుంది. దసరా సెలవుల తర్వాత ఒక పిల్లని కరిచింది కూడా. హెడ్మాస్టరు విల్సన్ గారు కృపమ్మని పిలిపించి, ఇంకొక్కసారి ఇలా జరిగితే టీసీ రాసి చేతిలో పెడతానని చెప్పారు. టీసీ ఇస్తే పిల్లని చెరువు గట్టుకే తీసుకెళ్లాలని, అక్కడికి బడి చాలా దూరమని కృపమ్మ ఏడ్చింది. అందుకని ఆయన చివరి ప్రయత్నంగా ఈ ఆయాని వేశారు.

నిజం చెప్పొద్దూ, నాకు ఆయా అక్కర్లేదు. బిందు వెళ్లిపోతే చాలు.

ఆమినా బీ గురించి మెల్లగా ఆరా తీశాను. ఇనుగుదురుపేటలో ఇల్లు, భర్త పోయి ఆరేళ్లు. ముప్ఫై ఏళ్లు ఇంట్లో కూర్చుని రోల్డుగోల్డు గొలుసులు గుచ్చిన మనిషి. కళ్లు మందగించాక ఆ పని మానేసింది. చదువు అయిదో తరగతి. ఇవన్నీ అడిగినదానికి అడిగినంతే చెప్పింది. అలా తూకం వేసి మాట్లాడేవాళ్లంటే నాకు మొదటినుంచీ గిట్టదు.

ఇక ఆ దారం సంగతి. రెండో పీరియడు నాది. పిల్లలు బెంచీల వరసన ఒక్కొక్కరూ లేచి పాఠం పైకి చదవాలి. తప్పు చదివినవాళ్లు పీరియడు అయ్యేదాకా నిలబడే ఉండాలి. ఇది నా పద్ధతి, నా టీచరమ్మ నాకు నేర్పిన పద్ధతి. ఒకరోజు చదివింపు జరుగుతుండగా వెనక్కి చూశాను. ఆమె దారానికి ఒక ముడి వేసింది. కాసేపటికి ఇంకొకటి. మర్నాడూ అంతే. పక్క సెక్షన్ షీబా టీచరు లెక్కలు చెప్పడానికి వచ్చినప్పుడు కిటికీలోంచి గమనించాను. ఒక్క ముడి కూడా వేయలేదు.

ఇంకేముంది, నాకు అర్థమైపోయింది. విల్సన్ గారు ఈవిడని పెట్టింది బిందు కోసం కాదు, నా కోసం. నేను ఎన్నిసార్లు గొంతు పెంచానో, ఎన్నిసార్లు ఫోను చూశానో ముడులేసి పైకి చేరవేస్తోంది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

పైగా ఇంకో విచిత్రం. చదివింపు రెండో బెంచీకి వచ్చేసరికి, ఆమె నన్ను మాటమాత్రం అడక్కుండా బిందు భుజం తట్టి, నీళ్లకూజా చేతికిచ్చి బయటికి తీసుకెళ్లేది. పావుగంటకి ఆ పిల్ల బుద్ధిగా తిరిగొచ్చి కూర్చునేది. ఇది నా అనుమానాన్ని ఇంకా పెంచింది. ఎవరి మాటా వినని పిల్ల ఈమెకి ఎందుకు లొంగింది? ఒకసారి తొంగి చూస్తే వరండా చివర ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుతున్నారు. నన్ను చూడగానే ఆమినా బీ ఏదో కొంగు కింద దాచేసింది. ఏం పెడుతోందో, ఏం తాగిస్తోందో! పిల్ల మత్తుగా అయితే లేదు, కానీ నా మనసు నా మాట వింటేగా.

మర్నాడు గట్టిగా చెప్పేశాను, నా పీరియడులో ఎవరూ గుమ్మం దాటడానికి వీల్లేదని. ఆమె ఏదో చెప్పబోయింది. వినలేదు. చదివింపు మొదలైంది. మొదటి బెంచీ అయింది. రెండో బెంచీలో బిందుకి ముందు ఉదయ్ కిరణ్ లేచాడు. వాడు రెండు వాక్యాలు చదివాడో లేదో బిందు వాడి చెయ్యి పట్టుకుని కొరికేసింది. రక్తం వచ్చింది.

మధ్యాహ్నానికల్లా అందరం విల్సన్ గారి గదిలో ఉన్నాం. కృపమ్మ గోడవారగా నిలబడి మనవరాలి తల నిమురుతోంది. టీసీ కాగితం బల్ల మీద ఉంది, సంతకం ఒక్కటే తరువాయి. నేను మాత్రం ఊరుకున్నానా? ఈ ఆయా పిల్లని వరండాలోకి తీసుకెళ్లి ఏదో చేస్తోందని, నా మీద ముడుల లెక్క రాస్తోందని, కడుపులో ఉన్నదంతా కక్కేశాను. విల్సన్ గారు నిర్ఘాంతపోయారు. ఆయన ఎవర్నీ నిఘా పెట్టలేదట. ఆ దారం ఏమిటని ఆమెనే అడిగారు.

ఆమినా బీ నావైపు చూసింది. తర్వాత చేతి అలవాటండీ, ఇంకేం లేదని ఆయనకి చెప్పింది. ఆయనకి నమ్మకం కుదరలేదు. అయితే మీరూ రేపటినుంచి రానక్కర్లేదన్నారు. ఆమె తల ఊపి, సంచిలోంచి ఒక పౌడరు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

మూత నేనే తీశాను. లోపల దారాలు, రోజుకొకటి. ఒక్కో దారానికి ఏడు చిన్న పూసలు. మా స్కూలుకి రోజుకి ఏడు పీరియడ్లు. గొలుసులు గుచ్చేటప్పుడు డజనుకొక పూస వేసుకుని లెక్క చూసుకునేవాళ్లని ఎప్పుడో ఆమే చెప్పింది. ఒక దారం తీశాను. ముడులు దాదాపు అన్నీ రెండో పూస తర్వాతే. ఇంకోటి తీశాను. అదీ అంతే. పదిహేను దారాలు చూశాను. మిగతా పూసల దగ్గర అక్కడో ఇక్కడో ఒకటి. రెండో పూస దగ్గర మాత్రం గుత్తిగా ఉన్నాయి. అది నా పీరియడు.

పిల్ల గొడవంతా నా పీరియడులోనే ఉందని ఆ గదిలో అర్థమైంది నాకూ ఆమెకీ మాత్రమే. నేను డబ్బా మూసేసి ఉంటే అయిపోయేది. బిందు చెరువు గట్టుకి వెళ్లిపోయేది, ఆమినా బీ ఇంటికి వెళ్లిపోయేది. మూద్దామనే చెయ్యి పెట్టాను కూడా. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

“ఈ ముడి దేనికో చెప్పండి,” అన్నాను.

“పిల్ల కాలు ఊపినప్పుడల్లా ఒకటండి,” అంది ఆమె, నేల చూస్తూ. “మీ చదివింపు రెండో బెంచీకి వచ్చేతలికి కాలు ఊపుద్దండి. ఆ తర్వాతే చింపటం, కొరకటం. దానికి చదవటం రాదండి. నిలబెడతారని భయం. అల్లరి చేస్తే మీరు బయటికి పంపేస్తారు కదండీ, అదే నయం అనుకుంటది. చదువు రానిదని నవ్వించుకునే కంటే, అల్లరిదని తిట్టించుకోవటం మేలు గదండీ దానికి.”

“మరి కొంగు కింద దాచింది?”

“వాచకమండి. నాక్కూడా కూడబలుక్కునే చదవటం వచ్చు. ఇద్దరం కలిసి రోజుకి రెండు వరసలు చదూతున్నాం. టీచరు గారు చూస్తే నవ్వుతారని దాచాను.”

ముందే ఎందుకు చెప్పలేదని విల్సన్ గారు అడిగారు. ఆయాగా వచ్చినదాన్ని, టీచరు గారికి నేనెట్టా చెబుతానండీ అంది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తెలిసి ఇంకా ఏడుపొచ్చింది. తప్పు నా పద్ధతిదని, గుమ్మం దాటొద్దని అడ్డం పడింది నేనేనని విల్సన్ గారికి నా నోటితో చెప్పాను. ఉదయ్ కిరణ్ వాళ్లింటికి వెళ్లి క్షమాపణ కూడా నేనే చెబుతానన్నాను. ఆయన టీసీ కాగితం సొరుగులో పెట్టారు. చింపలేదు. సంక్రాంతి సెలవుల దాకా చూస్తానన్నారు.

సోమవారం నుంచి బెంచీల వరస మానేశాను. నిలబెట్టడమూ మానేశాను. పిల్లలు ఇద్దరిద్దరు చొప్పున నా బల్ల దగ్గరికి వచ్చి మెల్లగా చదువుతున్నారు. బిందు వంతుకి పక్కన ఆమినా బీ వచ్చి నిలబడింది. పిల్ల వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రెండు వరసలు చదవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. కొరకలేదు, చింపలేదు. ఒక్కసారి కూడా కాలు ఊపలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

అయినా ఆమినా బీ దారానికి ముడి వేసింది.

నా పాత బుద్ధి ఎక్కడికి పోతుంది? పిల్లలు వెళ్లాక నిలదీశాను, బిందు బాగానే ఉంది కదా, ఆ ముడి ఎవరి మీద అని.

“అది మీదండి,” అంది. “పిల్ల మూడో మాట దగ్గర ఆగినప్పుడు, బల్ల కింద మీ కాలు ఊగింది.”